మూడో గూటి కుందేలు

రంగసామి ఒడిలో కూర్చున్న కుందేలు కదలదు. అదే కుందేలు నా చేతికి వస్తే మణికట్టు చీరేసి, బల్ల కిందికి దూరి, నలుగురిలో నా పరువు తీసేది. ఆయన దగ్గర ఒక పాత తువ్వాలు ఉండేది, ఒక మూల ఏదో నమిలేసినట్టు పీలికలైపోయినది. దాన్ని ఒడిలో పరిచి, కుందేలును మధ్యలో పెట్టి, చంటిబిడ్డను చుట్టినట్టు చుట్టి, చెవులు మాత్రం బయటికి వదిలేవాడు. చెవి అంచున సన్నటి నరం ఉంటుంది. దాని మీది వెంట్రుకలు గీకి, వేలితో రెండుసార్లు తట్టి, "ఇంక పొడు సరసమ్మా, అది నిద్రలో ఉండాది" అనేవాడు. అది నిద్రలో ఏమీ ఉండేది కాదు, భయంతో బిగుసుకుపోయి ఉండేది. కానీ ఆ మాట విన్నాకే నేను రక్తం తీసే సూది గుచ్చగలిగేదాన్ని.

నాది మదనపల్లె. ఎనభై అయిదులో పరిశోధన కోసం తమిళనాడులోని ధర్మపురికి వెళ్ళాను. సేలం రోడ్డు పక్కన ఒక అద్దె భవనంలో చిన్న ప్రయోగశాల. వాన ముఖం చాటేసే జిల్లా కాబట్టే దాన్ని అక్కడ పెట్టారు. నీళ్ళు ఆపేస్తే రాగిపైరు ఊరికే చచ్చిపోదు. ప్రాణం నిలుపుకోవడానికి అంతకుముందు లేని కొన్ని ప్రొటీన్లను తయారుచేసుకుంటుంది. ఏ రకం రాగి ఎంత చేసుకుంటుందో తెలిస్తే, కరువుకు తట్టుకొనే విత్తనం ఏదో తేలుతుంది. అయితే ఆకులో ప్రొటీన్లు వేలకు వేలు. వాటిలో మనకు కావలసినదాన్ని ఒక్కదాన్నే పట్టివ్వాలంటే యాంటీబాడీ కావాలి, అది చేసిపెట్టడానికి కుందేలు కావాలి. ఆ ప్రొటీన్‌ను నూనెలో కలిపి కుందేలు వీపులోకి సూదితో ఎక్కిస్తే, దాని ఒంటికి అది పరాయిదని తెలిసిపోయి, ఆ ప్రొటీన్‌నే వెతికి అతుక్కునే యాంటీబాడీలు రక్తంలో పుడతాయి. ఆ రక్తాన్ని తీసి గడ్డకట్టిస్తే పైన తేలే పసుపు నీరు సీరం. ఆకు రసంలోని ప్రొటీన్లను ఒక తెల్ల కాగితం మీదికి ఎక్కించి ఈ సీరం పోస్తే, మన ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు గీత తేలుతుంది. మూడేళ్ళ చదువంతా ఆ గీత కోసమే.

ఇందులో ఒక నియమం ఉంది. సూది వెయ్యకముందు కూడా ఒకసారి రక్తం తియ్యాలి. ఆ ముందు రక్తానికి గీత రాకూడదు, తర్వాతి రక్తానికి రావాలి. ముందు రక్తానికే గీత వచ్చిందంటే ఇక ఏ గీతనూ నమ్మడానికి లేదు, పడిన పాటంతా బూడిదలో పోసిన పన్నీరు.

రంగసామి కారిమంగళం పోయే దారిలో ఒక పల్లెవాడు. వాళ్ళ పెద్దలు ఏ కాలంలో ఆ సీమకు వచ్చారో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలన్న తీట కూడా లేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరం ముక్క రాదు. మా అమ్మ రాసిన ఉత్తరాన్ని ఒకసారి తిరగేసి మరగేసి చూసి, "ఇది మన మాటేనా? జిలేబీలు చుట్టినట్టుండాదే" అన్నాడు. ఆ ఊళ్ళో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆయనొక్కడే. నేను 'అన్నా' అనేదాన్ని. ఆఫీసులో మిగతా అందరూ ఉట్టి రంగసామి అనేవాళ్ళు.

ఆయనకు రెండెకరాల చేను, ఒక బావి, రెండు ఎద్దులు ఉండేవి. ఎనభై మూడు కరువులో బావి అడుగు రాయి బయటపడింది. గడ్డిపరక లేదు. ఊళ్ళో వాళ్ళు ఇంటి కప్పు మీది బోద కూడా పీకి పశువులకు వేశారు. చివరికి కర్రెద్దునూ పుల్లెద్దునూ కారిమంగళం సంతకు తోలుకుపోయి అమ్మేశాడు. కొన్నవాడు వాటిని లారీ ఎక్కించాడు. తొప్పూరు కనుమ దిగి కేరళకు పోయే లారీలు దుక్కి కోసం పశువులను తీసుకుపోవని అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. లారీ ఎక్కించేటప్పుడు పుల్లెద్దు ఆయన భుజం మీది తువ్వాలు అందుకొని నమిలిందట. "పిరియం అనుకొంటివా? కాదు సరసమ్మా. ఆకలి" అని చెప్పాడు నాతో. ఆ తువ్వాల్లోనే కుందేళ్ళను చుట్టేవాడు.

మరుసటి ఏడు ప్రయోగశాలలో దినకూలికి చేరాడు. ఎద్దులు లేని కొట్టాన్ని మాత్రం ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ రోజూ ఊడ్చేది. రెండు పగ్గాలు గుంజకు అలాగే వేలాడుతూ ఉండేవి. ఆదివారాలు నన్ను పిలిచి రాగికళి, అదే మన సంగటి, ఉలవచారు పెట్టేది. పెట్టిన ప్రతిసారీ ఒకటే మాట. "మీ సార్‌కి ఒక మాట చెప్పమ్మా. ఈ మనిషిని పర్మనెంట్ చేసినారంటే తీర్థమలై ఎక్కి దండం పెట్టుకొంటాను."

అది ఉత్త ఆశ కాదు. పాత దినకూలీలను పర్మనెంట్ చేస్తామని ఎనభై ఏడు మొదట్లో పైనుంచి కాగితం వచ్చింది. నలభై అయిదేళ్ళు నిండకూడదు, ఏ ఫిర్యాదూ ఉండకూడదు, ఏప్రిల్ ఆఖరుకు పేర్లు పంపాలి. రంగసామికి నలభై నాలుగు నడుస్తోంది. ఈసారి తప్పితే ఇక ఈ జన్మకు లేదు.

ఆయన చేసిన తప్పు ఇక్కడే చెప్పేస్తాను. దాచిపెట్టి ఆఖర్న బయటపెట్టే ఓపిక నాకు లేదు. ప్రతి శుక్రవారం, ట్రేలలో పెంచిన రాగిమొలకల నుంచి మాకు కావలసిన నాలుగాకులు కోసుకున్నాక, మిగిలిన పైరంతా వెనక గుంటలో వేసి కాల్చాలి. ఆ పని రంగసామిది. కుందేళ్ళకు బెంగుళూరు నుంచి బస్తాల్లో వచ్చే గుళికల మేత, ఎండుగడ్డి తప్ప ఇంకేదీ పెట్టకూడదు. ఎందుకని ఆయన అడిగితే పచ్చి ఆకుకు కడుపు జారుతుందని ఎవరో చెప్పారు. అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. కూలి మనిషికి ఇవన్నీ ఎందుకులే అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

వాడిన ఆకుకు కడుపు జారదని సేద్యం చేసిన ఏ మనిషికైనా తెలుసు. అందుకని రంగసామి మోపులో సగం కాల్చి, సగం నీడన ఒక పూట ఆరబెట్టి, తువ్వాల్లో మూటకట్టి కుందేళ్ళకు వేసేవాడు. పిడికెడు మేత లేక ఎద్దులను పోగొట్టుకున్న చేతులు మోపెడు మేతను ఎట్లా కాలుస్తాయి? ఒకటి రెండుసార్లు కంచె అవతల రాళ్ళు కొట్టే వాళ్ళ కాలనీలోని మాదమ్మాళ్ ఆవుకు కూడా ఇచ్చాడట. ఎనభై ఆరు నవంబరులో కొత్తగా ఆరు కుందేలు పిల్లలు వచ్చాయి. జనవరిలో నేను ముందు రక్తం తీసే నాటికి అవి రెండు నెలలుగా, నీళ్ళు ఆపేసిన ట్రేల్లోని రాగిపైరును, అంటే నేను వెతుకుతున్న ఆ ప్రొటీన్‌నే, కడుపారా తింటున్నాయి.

నాకు అప్పుడు ఇదంతా తెలియదు. మార్చి ఆఖర్న మొదటి పరీక్ష పెట్టాను. ఆ తెల్ల కాగితం విదేశం నుంచి రావాలి, ముక్కముక్క చూసి వాడుకోవాలి. అందుకని ఆరింటిలో బాగా బలిసిన అయిదో గూటి కుందేలు సీరం ఒక్కటే తీసుకున్నాను. తర్వాతి రక్తానికి గీత వచ్చింది. నా గుండె ఎగిరి గంతేసింది. పక్కనే ముందు రక్తానికి కూడా అదే చోట గీత వచ్చింది. ఇంకో రెండుసార్లు చేశాను. రెండుసార్లూ వచ్చింది.

మా పెద్ద డాక్టర్ రాజమాణిక్కం. చెడ్డవాడు కాడు, కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. కుందేళ్ళ ఇంటికి పెద్ద కాబట్టి ఆ సామెత ఆయనకు ఇంకా బాగా అతికేది. కాగితాలు చూసి, కళ్ళద్దాలు తీసి, "నువ్వు సీసాల మీద చీటీలు మార్చేశావు" అన్నాడు. అంతకుముందు ఏడాది నేను నిజంగానే రెండు సీసాల చీటీలు తారుమారు చేశాను. ఇక నా మాట ఎవరు వింటారు? మిగతా కుందేళ్ళవి కూడా చూద్దాం సార్ అంటే, నీ అజాగ్రత్తకు ఇంకా కాగితం తగలెయ్యనన్నాడు. మే పదో తేదీన పరిశోధనలను సమీక్షించే కమిటీ వస్తుంది, ఈలోగా తప్పు ఒప్పుకొని రాసిచ్చి మదనపల్లె వెళ్ళిపొమ్మన్నాడు.

చెయ్యని తప్పు ఒప్పుకోవడం సులభమే. చేశానో లేదో నాకే తెలియకపోవడం నరకం. జనవరి నాటి ఆ ఉదయాన్ని గంటకు పదిసార్లు తలచుకునేదాన్ని. సీసా ఏ చేతిలో ఉంది? చీటీ ముందు రాశానా, తర్వాత రాశానా? హాస్టల్ గదిలో ఫ్యాను కింద కూర్చుంటే గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు ఉండేది. ప్రయోగశాలకు పోతే అందరి కళ్ళూ నా చేతుల మీదే. ఇంటికి పోదామంటే ఏ ముఖంతో పోను? చివరికి కుందేళ్ళ గదిలో రంగసామి పక్కన పీట వేసుకొని కూర్చునేదాన్ని. ఆరు గూళ్ళలో ఆరు కుందేళ్ళు, ఏడోదాన్ని నేను.

ఒకరోజు ఆయన అడిగాడు. "ఏమైంది సరసమ్మా? అన్నం తిన్న ముఖమే కాదు."

చెప్పాను. మొదటిసారి అంతా వివరంగా, యాంటీబాడీ అంటే ఏమిటో, రెండు రక్తాలు ఎందుకు తీస్తామో, అన్నీ. "సూది వెయ్యకముందే ఆ అయిదో గూటిదాని రక్తానికి రాగిపైరు తెలిసిపోయినట్టుందన్నా. అది ఎట్లా అవుతుంది? నేనే చీటీలు మార్చి ఉంటాను" అన్నాను.

ఆయన చేతిలోని గుళికల డబ్బా కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. "శెరి" అన్నాడు. అంతే.

ఆ తర్వాత మూడు వారాలు రంగసామి నన్ను తప్పించుకు తిరిగాడు. నేను గదిలోకి వస్తే ఆయనకు బయట పని గుర్తొచ్చేది. శుక్రవారం పొగ ఎప్పటికంటే ఎక్కువసేపు లేచేది. నాకు ఒళ్ళు మండింది. కష్టం వచ్చేసరికి ఈయన కూడా వాళ్ళలో చేరిపోయాడనుకున్నాను. పర్మనెంట్ పేర్ల చిట్టా రాజమాణిక్కం బల్ల మీదే ఉందని అందరికీ తెలుసు. నా పక్కన కనబడితే ఎక్కడ పేరు పోతుందోనని భయపడుతున్నాడు, పోనీలే పిరికి మనిషి అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

ఏప్రిల్ ఇరవై తర్వాత ఒక మధ్యాహ్నం ఆయనే నన్ను కుందేళ్ళ గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"సరసమ్మా, నువ్వు చీటీ మార్చలే. నేనే పెట్టినాను."

"ఏం పెట్టావు?"

"గుంటలో కాల్చాల్సిన పైరు. వాడబెట్టి వీటికి పెట్టినాను, వచ్చిననాటి నించి. కడుపు జారదు, నాకు తెలుసును కదా. నువ్వు ఆ పొద్దు రక్తం సంగతి చెప్పినాక నా కాలూ చెయ్యీ ఆడలే. చెప్తే నా పని పోతుంది. చెప్పకపోతే నీ చదువు పోతుంది. ఇరవై దినాలుగా అన్నం గొంతు దిగలే."

నేను అరిచాను. ఏమని అరిచానో రాయడానికి సిగ్గుగా ఉంది. రెండేళ్ళ కష్టం గడ్డిపాలు చేశావన్నాను. పెద్ద మాటలే అన్నాను. ఆయన తల వంచుకొని విన్నాడు. ఆ కోపం కిందనే మెల్లగా సంతోషం పొంగింది. తప్పు నాది కాదు! ఆ ఒక్క మాట పట్టుకొని వరండాలో పరుగెత్తాను. ఈ మనిషి గతి ఏమిటి, వెంకటలక్ష్మమ్మ మొక్కు ఏమిటి అని ఒక్క క్షణం ఆగలేదు. రంగసామి తనకై తాను నోరు తెరిచాడు, నిజమే. కానీ ఆ మాటను రాజమాణిక్కం బల్ల మీదికి మోసుకుపోయింది నేను. ఇన్నేళ్ళయినా అది నాకు ముల్లే.

రాజమాణిక్కం అంతా విని నవ్వాడు. "తిన్నది కడుపులో అరిగిపోతుంది. అరిగిపోయినదానికి రక్తం యాంటీబాడీలు చేస్తుందా? అయితే రోజూ కళి తినే ఈ జిల్లా జనమంతా నీకు సీరం ఇవ్వవచ్చు." తర్వాత నవ్వు ఆపి, నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడిన రంగసామిని చూశాడు. "ఆ మూల గదిలో కూర్చొని మీ ఇద్దరూ తెలుగులో గుసగుసలాడుతుంటే నాకు తెలియదనుకున్నారా? ఈ అమ్మాయిని కాపాడటానికి కథ అల్లుకొచ్చావు. రాగిపైరు పెట్టింది నిజమైతే అది నియమం తప్పడం. అబద్ధమైతే ఇంకా పెద్ద తప్పు. రెండింటిలో ఏది రాసుకోమంటావు?"

ఇద్దరం ఒకే బోనులో పడ్డాం. ఆయన నిజం చెప్పినా నాకు విడుదల లేదు, ఆయనకు మాత్రం ఉద్యోగం పోయే దారి తెరుచుకుంది. పద అన్నా పోదాం అన్నాను. ఆయన కదల్లేదు.

"సార్, మూడో గూటిది తినదు" అన్నాడు అరవంలో.

"ఏమిటి?"

"మూడో గూటిది ఆకు ముట్టదు సార్. వేస్తే కాలితో పక్కకి నెడుతుంది. గుళికలు మాత్రమే తింటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. దాని ముందు రక్తం చూడండి సార్. దానికి గీత వస్తే నా మాట అబద్ధం, నన్ను తీసెయ్యండి."

రాజమాణిక్కం కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "మిగతావి?"

రంగసామి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తన మందను తలచుకునే రైతు ముఖం అది. "అయిదోది అన్నిటికంటే ఎక్కువ తినింది. పక్కదానికి వేసింది కూడా కమ్మీల సందులోంచి లాక్కొని తినింది. దాని తర్వాత ఒకటోది. ఆ తర్వాత రెండూ ఆరూ, ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు. నాలుగోది తినింది గానీ తక్కువ, దానికి పండ్లు వంకర."

మా పెద్దాయన మొండివాడే గానీ శాస్త్రజ్ఞుడు. ఆ వరసను చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. ఆరింటి ముందు రక్తం సీరం సీసాలను ఫ్రీజర్ నుంచి తానే తీసి, అంకెలు కనబడకుండా వేరే గుర్తులు అంటించాడు. నన్ను సీసా ముట్టుకోనివ్వలేదు. ఆరు కాగితపు ముక్కలు కత్తిరించి, ఆకు రసం ఎక్కించి, సీరాలు పోసి, రెండో రోజు ఉదయం రంగు నీళ్ళలో తానే వేశాడు. రంగసామి గుమ్మంలో, నేను కిటికీ దగ్గర. కరెంటు లేదు, చెమటలు కారుతున్నాయి, ఎవరూ విసురుకోవడం లేదు.

గీతలు మెల్లగా తేలాయి. ఒకటి నల్లబడేంత ముదురు. ఒకటి దాని కంటే కాస్త తక్కువ. రెండు ఒకే తీరు. ఒకటి కనీకనబడకుండా. మిగిలిన ఒక్క ముక్క తెల్లగా అలాగే ఉండిపోయింది.

రాజమాణిక్కం అంటించిన గుర్తులు ఒక్కొక్కటే ఊడదీశాడు. జేబులోని చీటీ తీసి పక్కన పెట్టాడు. తెల్లగా ఉన్నది మూడో గూటిది. ముదురుది అయిదోది. వరస ఎక్కడా తప్పలేదు. తర్వాత నాకు కుర్చీ చూపించి, "కూర్చోమ్మా, నేను తొందరపడ్డాను" అన్నాడు. అరగకుండా ఏదో కొంచెం పేగు దాటి రక్తంలోకి పోతుందేమో, రెండు నెలలు వారం వారం పెడితే ఇదీ జరుగుతుందేమో అని తనలో తాను అనుకున్నాడు. మూడో గూటి కుందేలు తర్వాతి రక్తాన్ని పరీక్షిస్తే, అదృష్టం, చక్కటి గీత వచ్చింది. ఆ ఒక్క కుందేలు సీరంతోనే నా పరిశోధన ఒడ్డెక్కింది.

రంగసామికి మాత్రం ఆ ఒడ్డు ఎటు ఉందో రెండు రోజులు తెలియలేదు. ఏప్రిల్ ముప్పైన రాజమాణిక్కం ఆయనను పిలిచి చిట్టా చూపించాడు. పేరు ఉంది. "కుందేలు ఎంత తిన్నదో ఇంత సరిగ్గా గుర్తుపెట్టుకొనే మనిషిని నేను వదులుకోను" అన్నాడు. వెంకటలక్ష్మమ్మ ఆ వారమే తీర్థమలై ఎక్కి వచ్చి, నాకు ప్రసాదం పంపింది. ఆమె నన్ను దీవించింది కూడా. నేను ఆ దీవెనకు తగనని ఆమెకు ఎవరు చెప్తారు?

చిట్టాతో పాటు ఒక కొత్త నియమం వచ్చింది. రాజమాణిక్కమే రాశాడు, అందులో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. ఇకమీదట రాగిపైరు ఒక్క ఆకు కూడా కుందేళ్ళ గదిలోకి పోకూడదు. కొన్ని ట్రేలకు మందు నీళ్ళు పోస్తాం, గుంట దగ్గరికి వచ్చేసరికి ఏది ఏ ట్రేదో తెలియదు, కాబట్టి గేటు బయటికీ పోకూడదు. శుక్రవారం మొత్తం పైరును ఎదురుగా ఒక సాక్షిని పెట్టుకొని బూడిదయ్యేదాకా కాల్చాలి. కాల్చానని రిజిస్టరులో రంగసామి సంతకం, చూశానని సాక్షి సంతకం. అది ఆయన పర్మనెంట్ ఉద్యోగంలో మొదటి బాధ్యత. ఇన్నాళ్ళూ సగం కాల్చి సగం దాచి ఎట్లాగో బతికిన మనిషికి ఇక ఆ సగం కూడా లేదు. ఎందుకు కాల్చాలో ఇప్పుడు ఆయనకు తెలుసు, తానే రుజువు చేసి చూపించాడు. తెలియనప్పుడు తప్పించుకోవచ్చు. తెలిశాక ఎట్లా?

మొదటి శుక్రవారం సాక్షిని నేనే. మే నెల, ఆ ఏడు కూడా వాన లేదు. గుంట దగ్గర పైరు ఒక పెద్ద మోపు ఉంది. కంచె అవతల మాదమ్మాళ్ వచ్చి నిలబడి అరవంలో అడిగింది.

"రంగన్నా, ఒక్క పిడికెడు ఈయన్నా. ఆవు పొద్దున్నించి లేవలే. పడుకొనేసింది."

"ఇయ్యకూడదమ్మా ఇంక."

"ముందు ఇచ్చినావు కదన్నా."

"ముందు ఇచ్చినాను."

ఆమె నా వైపు చూసింది, నేనేదో పెద్ద అధికారిని అయినట్టు. నేను రిజిస్టరు గుండెకు అదుముకొని నేల చూపులు చూశాను. ఇచ్చెయ్యి అన్నా, నేను చూడలేదని రాస్తాను అని నోటిదాకా వచ్చింది. ఆవు ఆ పైరు తిని ఏదైనా అయితే? మళ్ళీ ఎవరి ఉద్యోగం, ఎవరి చదువు? మాదమ్మాళ్ ఇంకా కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

రంగసామి అగ్గిపుల్ల గీశాడు. పచ్చి పైరు త్వరగా అంటుకోదు, పొగ ఎక్కువ. ఆ వాసన కుందేళ్ళ గదికి తగిలింది కాబోలు, కిటికీలోంచి కనబడుతున్న గూళ్ళలో అయిదు కుందేళ్ళు కమ్మీల దగ్గరికి వచ్చి ముక్కులు ఆడిస్తున్నాయి. మూడోది మాత్రం వెనక మూలలో గుళికలు కొరుక్కుంటోంది. రంగసామి వాటి వైపు చూడకుండా వీపు తిప్పుకొని నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. పొగ వల్ల అనుకోమన్నట్టు రెండుసార్లు దగ్గాడు.

"వారం వారం ఇంత మోపు ఉండింటే ఆ కరువులో నా ఎద్దులు నెల దినాలు నిలిచేవి" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "వదిలేసి పోరాదా అన్నా ఈ ఉద్యోగం?" అన్నాను.

"యాడికి పోయేది సరసమ్మా? మొక్కి మొక్కి తెచ్చుకొంటిమి."

మోపులో ఒక పక్క మంట అంటకుండా పచ్చగానే మిగిలింది. కట్టెతో దాన్ని నిప్పుల్లోకి తోశాడు. మళ్ళీ పక్కకు జారితే మళ్ళీ తోశాడు. అంతా బూడిదయ్యాక చెయ్యి కడుక్కొని వచ్చి, అరవ అక్షరాల్లో నిదానంగా తన పేరు రాసి, రిజిస్టరు నా వైపు తిప్పాడు.

"నువ్వూ చెయ్యి" అన్నాడు.

చేశాను.